అరిగింది వేరు, విరిగింది వేరు

తాళాలు నా దగ్గరున్నాయి, డబ్బు ఇంటాయన దగ్గరుంది, ఒకరి పిలక ఒకరి చేతిలో ఉన్నట్టే, కాబట్టి రాక ఎక్కడికి పోతాడు. పొద్దున్నే వచ్చి ఇల్లు చూసుకుంటానన్నాడు, చూసుకుని డిపాజిట్ తిరిగిస్తానన్నాడు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళ పొద్దున్న ఎప్పుడవుతుందో అద్దెకుండేవాళ్ళకి ఎవరు చెబుతారు. కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. సామానంతా నిన్ననే కొత్తింటికి వెళ్ళిపోయింది, మిగిలింది నేనూ ఒక చీపురూ గోడలూ. వంటగది గట్టెక్కి కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. ఎనిమిదేళ్ళుగా ఈ గట్టు తుడిచానే తప్ప ఎక్కి కూర్చోలేదు, ఎక్కితే ఇల్లంతా ఎంత బాగా కనిపిస్తోందో, ఇదిగో ముందు గది, పక్కన అత్తయ్య గది, మధ్యలో నడవా, నడవా చివర స్నానాలగది, అన్నీ ఒక్క చూపులో. సామాను తీసేస్తే ఇల్లు పెద్దదవుతుందనుకుంటాం గానీ, కాదు, చిన్నదైపోయింది, ఇంత చోటులో ఇద్దరం ఇన్నాళ్ళు ఒకరి కాళ్ళకి ఒకరం అడ్డం పడకుండా ఎలా తిరిగామా అనిపిస్తోంది. పరదా లేని కిటికీలోంచి ఎండ చొరవగా వచ్చి నేల మీద చాపలా పరుచుకుంది. హాయిగా ఉంది. భయంగానూ ఉంది, కానీ ఎండలో కాళ్ళు పెట్టుకుని భయపడటం కొంచెం తేలిక. ల్యాబులో నా బదులు ఇవాళ కొత్తమ్మాయి రక్తం తీస్తూ ఉంటుంది, పాపం ఎవరెవరి చేతులు ఏమవుతున్నాయో.

ఫోను మోగింది, అత్తయ్యే, కొత్తింట్లోంచి. "వచ్చాడా కత్తెర?" అంది, ఇంకా రాలేదన్నాను, "వస్తే నెమ్మదిగా మాట్లాడు, కానీ తలొంచుకుని మాట్లాడకు, నువ్వు తలొంచితే ఎదుటివాడికి నీ పాపిడి తప్ప ఏం కనపడదు" అంది, సరే అన్నాను, "బేసిన్ సంగతి ముందే చెప్పు, మొట్టమొదట అదే చెప్పు" అని పెట్టేసింది. బేసిన్ సంగతి. చెప్పాలి. ముందా, చివరా, అసలా. ఇంటాయనకి కత్తెర అని పేరు పెట్టింది మేం కాదు, మేం వచ్చినప్పుడు కింద వాటాలో ఉన్న దర్జీ. ఆయన ఖాళీ చేసి వెళ్తూ మా గుమ్మంలో నిలబడి, నా చేతిలో ఉన్నది ఉత్త కత్తెరమ్మా, అసలు కత్తెర మన ఇంటాయన, ఇచ్చిన డిపాజిట్‌లో గోడకి రంగని ఒక ముక్క, మేకులకని ఒక ముక్క, తలుపు కిర్రుమంటోందని ఒక ముక్క కోసి, చివరికి జేబురుమాలంత చేతిలో పెట్టాడు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నవ్వు అయ్యాక మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు అత్తయ్య అన్నం తినేటప్పుడు మాట్లాడలేదు. సినిమాహాలు టికెట్ల కిటికీ వెనక బతుకంతా కూర్చున్న మనిషి, మాట్లాడకుండా ఉందంటే ఎవరికో చిల్లర లెక్కపెడుతోందని అర్థం.

ఆ లెక్క చాలా ఏళ్ళు సాగింది. పోయిన ఎండాకాలం రేడియోలో ఒక లాయరమ్మ అద్దె ఇళ్ళ కొత్త రూళ్ళ గురించి చెబుతుంటే అత్తయ్య పొయ్యి కట్టేసి వింది, విన్నది చాలక కోర్టు ఆవరణలో ఉచితంగా సలహా చెప్పే కిటికీ ఉందంటే అక్కడికి వెళ్ళి వరసలో నిలబడింది. నేనూ వెళ్ళాను తోడు. మోకాళ్ళు పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ, "కిటికీకి ఇటువైపు నిలబడటం ఇంత కష్టమని తెలిస్తే అప్పట్లో నలుగురికి ఇంకొంచెం మర్యాదగా టికెట్లిచ్చేదాన్నే" అంది, వెనకాల నిలబడ్డాయన పక్కున నవ్వాడు. ఇంటికొచ్చి నాకు ఎక్కం అప్పజెప్పించినట్టు అప్పజెప్పించింది. ఇకనించి రెండు నెలల అద్దెకి మించి డిపాజిట్ అడక్కూడదు, మన దగ్గర పది నెలలది తీసుకున్నాడు, అప్పట్లో అడిగేవాడు లేడు. ఇల్లు అప్పజెప్పిన నెల లోపల తిరిగివ్వాలి. ఏం కోసుకున్నా దేనికి కోశాడో బిల్లు చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాపురం ఉన్నందువల్ల అరిగినదానికి కోయకూడదు, పగలగొట్టినదానికే కోయాలి. "అరిగింది వేరు, విరిగింది వేరు, అను" అంటుంది. అంటాను. "గట్టిగా అను, నీ గొంతు నీకే వినపడనట్టుంది" అంటుంది. కూర తరుగుతూ అనేదాన్ని, బట్టలారేస్తూ అనేదాన్ని, ఒకసారి ల్యాబులో ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని నరం వెతుకుతూ పైకే అనేశాను, ఆయన బెదిరిపోయి ఏం విరిగిందమ్మా అన్నాడు.

గట్టు దిగి నడవాలోకి వెళ్ళాను. బొటనవేలితో గోడ తడుముతూ నడవటం నాకు ఎప్పుడు అలవాటైందో, పని తెచ్చిన అలవాటే అయ్యుంటుంది, కంటికి కనపడే నరాన్ని నమ్మకూడదు, వేలికి తగిలేదాన్ని నమ్మాలి అని నాకు పని నేర్పిన సిస్టరు చెప్పేది. ఇదిగో ఇక్కడ గోడ నున్నగా అయింది, అత్తయ్య స్నానాలగదికి వెళ్తూ చెయ్యి ఆనించే చోటు, మొదట్లో ఇది లేదు, మోకాళ్ళ నొప్పి మొదలయ్యాక వచ్చింది, మొదట ఒక మరకలా, తర్వాత ఒక దారిలా, సరిగ్గా ఆవిడ భుజం ఎత్తులో నడవా ఈ చివర్నించి ఆ చివరికి. ఇది అరిగింది. ఇక్కడ గచ్చు మెరుస్తోంది, పొయ్యి ముందు, ఇద్దరి పాదాలు తిరిగి తిరిగి, ఇది అరిగింది. ముందు గది తలుపు గడియకి రంగు పోయి లోపలి ఇనుము తేలింది, సాయంత్రం డ్యూటీ రోజుల్లో నేను వచ్చే వేళకి అత్తయ్య గడియ తీసి చూసి మళ్ళీ వేసి, తీసి చూసి మళ్ళీ వేసి, అది కూడా అరిగిందే. ఇన్ని అరగ్గా ఏమైనా మిగిలిందంటే ఈ ఇల్లు గట్టిదే. ఇంటాయనతో ఆ మాట అనొచ్చేమో, మీ ఇల్లు గట్టిదండీ అని. మెచ్చుకుంటే మెత్తబడతాడా, ఇంకా పదును పెడతాడా.

ఈ ఇంటికి వచ్చిన రోజు. కాదు, అంతకు ముందు రోజు. కాదు, దానికీ ముందు, ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ చెప్పిన పొద్దున. ఆయనంటే మా ఆయన, అప్పటి మా ఆయన. కుర్చీలో కూర్చుని వంగి తాళ్ళు కట్టుకుంటూ, నా వైపు చూడకుండా, ఇంకొకామె ఉంది, ఎప్పుడో ఒకప్పుడు నీకు చెప్పాలిగా అన్నాడు, ఒక కాలి తాడు ముడి పడింది, రెండో కాలిది కూడా కట్టుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. నాకు ఆ రెండో ముడే గుర్తు. అంత మాట చెప్పి కూడా రెండో బూటు మర్చిపోలేదు కదా అనిపించింది. ఇల్లు ఆయన కంపెనీ ఇచ్చింది, నేను నిలబడ్డ నేల కూడా నాది కాదు. వంటగదిలో అత్తయ్య విన్నది. పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది, కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది, ఏడుస్తుందనుకున్నాను, వాడికి నేను చెబుతాలే అంటుందనుకున్నాను, సర్దుకుపోవే అంటుందని అన్నిటికన్నా ఎక్కువ భయపడ్డాను.

"నీ ల్యాబు ఈ ఊళ్ళోనే కదా. అయితే ల్యాబుకి దగ్గర్లో చూద్దాం. ఇద్దరికీ రెండు గదులు చాలు."

"ఇద్దరికీ అంటే?"

"ఇద్దరంటే ఇద్దరే. లెక్కలు కూడా నేనే చెప్పాలా?"

సాయంత్రం కొడుకు ఇంటికొచ్చి, నువ్వెందుకమ్మా వెళ్ళడం, నువ్వు నా దగ్గర ఉండు అంటే, "నీకు అమ్మనే, అది ఎక్కడికీ పోదు, నేను ఎక్కడ ఉండాలో మాత్రం నేను చూసుకుంటా" అంది, గొంతు పెంచలేదు. ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఫోనులో మాట్లాడుతుంది కొడుకుతో, మందులు వేసుకున్నావా, జలుబు తగ్గిందా అని, నేను పక్కనే మిక్సీ వేయకుండా ఆగుతాను, వినపడాలి కదా ఆవిడకి. చుట్టాలు మాత్రం ఊరుకుంటారా, కోడలితో అత్త లేచిపోయిందని చెప్పుకుని నవ్వారు. అది అత్తయ్య చెవిన పడ్డప్పుడు, "లేచి ఎక్కడికి పోయాం, బస్సులో నాలుగు స్టాపులు" అంది. ఆ రాత్రి పడుకున్నాక కూడా మేమిద్దరం చీకట్లో నవ్వుకుంటూనే ఉన్నాం, ఒకరు ఆపితే ఇంకొకరు. అప్పటికి నేను నవ్వి ఎన్నాళ్ళయిందో.

డిపాజిట్ అత్తయ్యే ఇచ్చింది, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి. రేపు మీకు ఏదైనా అవసరం పడితే అత్తయ్యా అంటే, "పడితే సూది గుచ్చడానికి నువ్వున్నావుగా, డాక్టరు ఫీజు మిగిలినట్టే" అంది. ఇంటాయన ఎవరెవరుంటారని అడిగాడు. అత్తాకోడళ్ళం అంది. మగవాళ్ళు అన్నాడు. "ఊళ్ళో లేరు" అంది. అబద్ధం కాదు, అప్పటికి మా ఆయన బదిలీ చేయించుకుని ఆమెతో వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఇంటాయన దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో మేం అడగలేదు, మమ్మల్ని ఆయనా అడగలేదు. మా కాపురం అరిగిందా, విరిగిందా. ఈ రూలు నేర్చుకున్న దగ్గర్నించీ ఒక్కోసారి అనుకుంటూ ఉంటాను. ఆయన మాట చెప్పిన పొద్దున విరిగింది అనుకునేదాన్ని, కానీ అంతకు ముందు రెండేళ్ళు ఇద్దరం ఒకే గదిలో ఉండి ఒకరితో ఒకరం పాలు వచ్చాయా, కరెంటు బిల్లు కట్టావా తప్ప ఏం మాట్లాడుకున్నాం. ఏమో. అరిగితే ఎవరి దగ్గరా ఏమీ కోయకూడదట. అలా అనుకుంటే ఆయన మీద కోపం కొంచెం తగ్గుతుంది, తగ్గితే నాకే తేలికగా ఉంటుంది, అయినా రెండో బూటు గుర్తొచ్చినప్పుడల్లా మళ్ళీ పెరుగుతుంది.

స్నానాలగది. ఇదిగో బేసిన్. కుడి పక్క మూల అరచేయంత ముక్క ఎగిరిపోయి లోపలి తెల్లటి మట్టి కనపడుతోంది. పోయిన వానాకాలం, అత్తయ్య తడి కాలితో గడప దాటబోయి జారి, దొరికినదాన్ని పట్టుకుంది, దొరికింది బేసిను, ఆవిడతో పాటు ముక్క కూడా వచ్చేసింది. నేను పరిగెత్తి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఆ ముక్క ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. దెబ్బ తగిలిందా అంటే, "నాకేం కాలేదు, దీనికే అయింది" అంది, అయింది ఆవిడకే, ఆ తర్వాత మెట్లు ఎక్కలేకపోయింది, మూడో అంతస్తు నించి కిందకి చూడటం తప్ప దిగడం మానేసింది, అందుకే ఇప్పుడు మెట్లు లేని ఇల్లు, అందుకే వచ్చే నెల ఆఖర్న మోకాళ్ళ ఆపరేషను. ఈ డిపాజిట్ ఆ మోకాళ్ళది. కత్తెర కోసేది గోడరంగుని కాదు, గచ్చుని కాదు, అత్తయ్య మోకాలిని. తెల్ల సిమెంటుతో అతికించేస్తాను, చూసినా తెలీదు అన్నాను మొన్న. "తెలీకపోతే విరగనట్టా?" అంది. ఆయనకి ఒక్కదానికి సందిస్తే అన్నిటికీ చెయ్యి పెడతాడు అత్తయ్యా అన్నాను. "విరిగింది విరిగిందని మనం ఒప్పుకుంటేనే, అరిగింది అరిగిందని వాడి చేత ఒప్పించగలం. సగం రూలు వాడుకుంటే అది రూలు కాదు, ఎత్తు" అంది. ఆవిడకేం, కిటికీ వెనక కూర్చుని అన్నట్టే అంటుంది. కిటికీ ముందు నిలబడేది నేను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒక్కో మెట్టుకీ ఆగుతూ, ఆయనే. ఇంటాయన మూడు నెలలకోసారి మా ల్యాబుకి వస్తాడు, పరగడుపున, చక్కెర చూపించుకోడానికి. సూది చూస్తే భయం. చొక్కా చెయ్యి మడిచి, మొహం గోడవైపు తిప్పుకుని, నేను ఇంకా దూది కూడా పెట్టకముందే అయిపోయిందా అంటాడు. డిపాజిట్ పేచీ పెడితే లావు సూది తియ్యవే అని అత్తయ్య వేళాకోళం. నేనెప్పుడూ తీయలేదు, అందరికీ ఎంత సన్నంగా గుచ్చుతానో ఆయనకీ అంతే, చెయ్యి చూస్తే మనిషి మీద కోపం రాదు, అదేమిటో.

వచ్చాడు, అంత ఎండలోనూ చేతిలో టార్చిలైటు. పలకరింపు అయింది, ఆవిడ ఎలా ఉన్నారు అన్నాడు, బాగున్నారండీ అన్నాను. గోడ మీద టార్చి వేశాడు.

"ఇదంతా రంగు వేయించాలమ్మా."

"వేయించాలండీ. ఎనిమిదేళ్ళయింది కదా, తాళం వేసి ఉంచినా వేయించాల్సిందే."

నావైపు చూశాడు. వంటగదిలోకి నడిచాడు. "పైన చూడు, ఎంత పొగ పట్టిందో."

"వంటగదిలో వంట చేశామండీ."

"గచ్చు?"

"నడిచామండీ."

"ప్రతిదానికీ ఓ మాట అంటావేమ్మా నువ్వు? ఎప్పుడూ నోరు విప్పేదానివి కాదు."

అను, గట్టిగా అను. "అరిగింది వేరు, విరిగింది వేరండీ. అరిగినదానికి కోయకూడదు." గొంతు నాకే వినపడింది, ఇంకెవరిదో అనిపించింది.

"ఎవరు చెప్పారు?"

"రూలండీ. మా అత్తయ్య."

"రూలు చెప్పిందా, అత్తయ్య చెప్పిందా?"

"మా ఇంట్లో రెండూ ఒకటేనండీ."

ఆయన మూతి బిగించాడు, నవ్వో కోపమో తెలీలేదు. అత్తయ్య గది గోడకి రెండు మేకుల కన్నాలుంటే అక్కడ ఆగిపోయాడు, టార్చి ఆర్పాడు, వేలు పెట్టి ఒక కన్నం చుట్టూ తడిమాడు. "ఈ గోడ నేనే తడిపాను, కట్టించేటప్పుడు. పొద్దునా సాయంత్రం బిందెలు మోసుకుని వచ్చి. అప్పు తీరడానికి నా జుట్టు తెల్లబడింది. ఒక్క మేకు దిగినా ఇక్కడ దిగినట్టుంటుంది నాకు" అని మోచేతి మడత చూపించాడు, సరిగ్గా నేను సూది గుచ్చే చోటు. అప్పుడు నాకు ఆయన మీద జాలేసింది, జాలి వేసిందని భయం కూడా వేసింది, జాలిపడి ఒప్పుకుంటే మోకాలు పోతుంది. "తెలుసండీ" అన్నాను, "కానీ పటం తగిలించుకోడానికి మేకు కొడితే అది కాపురం కిందే లెక్కట." ఆయన వేలికంటిన సున్నం దులుపుకుని, "ఆ లెక్క నాకూ తెలుసు, మా అబ్బాయి ఫోనులో చూపించాడు" అన్నాడు, "అడగనివాళ్ళకి చెప్పాలని ఎక్కడుంది?" అంత నిజాయితీగానూ అన్నాడు. స్నానాలగది గుమ్మంలో నిలబడి లోపలికి టార్చి వేశాడు, వెలుగు గోడ మీద, కొళాయి మీద, కిందకి నీళ్ళు పోయే కన్నం మీద తిరిగి వెనక్కి వచ్చేసింది. మూల చూడలేదు. ఆయన కళ్ళు సరిగా కనపడవు, అదీ నాకు తెలుసు. "సరేలే, తాళాలివ్వు" అన్నాడు.

తాళాలు అరచేతిలో వేడెక్కి ఉన్నాయి. ఇచ్చేస్తే అయిపోతుంది. ఎంత తేలిక, చెయ్యి చాపడమే. ఫోనులో అత్తయ్య గొంతు, మొట్టమొదట అదే చెప్పు అన్న గొంతు, నేను చెప్పలేదు, ఇప్పుడు చివరి మెట్టు మీద ఉన్నాను. ఇంటికెళ్ళి చెప్పావా అంటే చెప్పాను అనలేను, ఆవిడకి నా మొహం చదవడం వచ్చు. దానికోసం కాదు కూడా. ఆవిడ అడగకపోయినా ఆ మూల నాతోనే కొత్తింటికి వస్తుంది. మోకాళ్ళు బాగయ్యాక ఆవిడ చకచకా నడుస్తుంటే, ఆ నడకలో ఈ ముక్క ఒకటి గుచ్చుకుంటుంది నాకు.

"ఒకటి మిగిలిందండీ" అన్నాను. లోపలికి తీసుకెళ్ళి చూపించాను. "ఇది మాది. ఇది అరగలేదు, విరిగింది. దీనికి కోసుకోండి."

"నేను చూళ్ళేదే."

"మేం చూశాం కదండీ."

ఎలా విరిగిందన్నాడు. జారిన సంగతీ, ఆపరేషను సంగతీ చెప్పాను. పోయిన వానాకాలం నించా, మరి అప్పుడే చెప్పలేదేం అన్నాడు. "చెబితే మీరు..." అని ఆగిపోయాను. "కోస్తానని" అన్నాడు ఆయనే. "నన్నేమంటారో నాకు తెలుసమ్మా. దర్జీ నా మొహం మీదే అన్నాడు." తర్వాత ఆయన బేసిన్ అంచు పట్టుకుని వంగి గడప చూశాడు, తడి గడప, జారే గడప, పాదంతో ఒకసారి రుద్ది చూశాడు. "దీన్ని గరుకు చేయించమని అప్పుడే మేస్త్రీ చెప్పాడు" అన్నాడు, నాతో కాదు, గడపతో. సామాన్ల కొట్టుకి ఫోను చేసి బేసిన్ ఖరీదెంతో కనుక్కున్నాడు, బిగించే కూలి కూడా కలిపాడు, కలపనిస్తే ఆయన ఆయన ఎలా అవుతాడు. ఆ రెండే కోశాడు. మిగిలినదాంట్లో సగం అక్కడికక్కడే ఫోనులోంచి పంపించాడు, తక్కిన సగం నెల లోపల అన్నాడు, "రూలు నాకూ నెల ఇచ్చింది కదమ్మా, అది మీ అత్తయ్య చెప్పలేదా?" చెప్పారండీ అన్నాను, ఈసారి ఇద్దరం నవ్వాం. తక్కినదానికి కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నాను. ఆపరేషనుకి ఇంకా వ్యవధి ఉంది. సరిపోతుంది. సరిపోతుంది అనుకోగానే వీపులో ఎక్కడో బిగించిన తాడొకటి వదులైంది, ఇన్నాళ్ళుగా బిగించి ఉందని కూడా తెలీదు నాకు.

డబ్బు ఇచ్చింది ఆవిడ కాబట్టి ఆవిడ ఖాతాకే పంపానన్నాడు, పంపి, ఫోను జేబులో పెట్టుకుంటూ, ఏదో పూర్తిచేయాల్సిన మర్యాదలా, "మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా? ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదు" అన్నాడు. ఇల్లు అప్పజెప్పేస్తున్నాం, ఇంక దాచడానికి గోడలు కూడా మావి కావు. ఆయన రారండీ, మేం విడిపోయాం, ఈ ఇంటికి రాకముందే అన్నాను. "మరి ఈవిడ?" నాతో వచ్చేశారు. ఆయన వేళ్ళ మీద ఏదో కూడుకున్నాడు. "అంటే ఇప్పుడు లెక్క ప్రకారం ఆవిడ నీకేమీ కారన్నమాట" అన్నాడు, గుచ్చాలని కాదు, నిజంగానే లెక్క తేల్చుకోడానికి. లెక్క ప్రకారం కారండీ అన్నాను. టార్చి ఒకసారి వెలిగించి ఆర్పేశాడు. నేను తాళాలిచ్చాను. మెట్లు దిగేటప్పుడు పైనించి, "ఆపరేషను ఎక్కడో చెప్పండమ్మా, చూసి వస్తాను" అని వినిపించింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. లెక్క ప్రకారం ఏమీ కారు. కోర్టు కాగితాల్లో లేరు, రేషను కార్డులో లేరు, రేపు ఆసుపత్రిలో రోగికి మీరేమవుతారని అడిగితే ఏం చెప్పాలి. మాజీ అత్తగారు. మాజీ మంత్రి అన్నట్టుంది, ఆ మాట ఆవిడతో అంటే మాజీ మంత్రికి పింఛనుంటుంది, నాకేముందే అంటుంది. అమ్మ అని చెప్పేయచ్చు, కానీ అమ్మ కాదు, నాకు అమ్మ ఉంది, మా అక్క దగ్గర, అమ్మ నన్ను సర్దుకుపోవే అన్నది, నా మంచికే అన్నది, ఆవిడ మీద నాకేం లేదు. స్నేహితురాలు అంటే నవ్వుతారు. ఎదురు సీట్లో ఒకామె ఒళ్ళో కూరగాయల సంచీతో తూగుతోంది, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా సంచీ జారబోతే నిద్రలోనే పట్టుకుంటోంది. ఎండ ఆమె చేతి మీద, నా చేతి మీద, మారి మారి పడుతోంది. మా వరసకి పేరు లేకపోతే పోయింది, దొరికేదాకా ఆసుపత్రి వాళ్ళే కాగితంలో ఖాళీ వదిలేసుకుంటారు, ఆకలేస్తోంది, ఇంట్లో ఏం వండిందో, గిన్నెలన్నీ ఇంకా మూటల్లోనే ఉన్నాయి, ఏ మూటలో ఏముందో ఆవిడకే తెలుసు.

స్టాపులో దిగి సందులోకి నడిచాను. కొత్తిల్లు, నేలమట్టం, మెట్టన్నది ఒక్కటి లేదు, తలుపుకి ఇంకా పచ్చి రంగు వాసన. మూసి ఉంది. లోపలినించి గిన్నెల చప్పుడు. ఎవరి తలుపో అన్నట్టు రెండు వేళ్ళు మడిచి మెల్లగా తట్టాను.

"ఎవరూ?"

"నేనండీ."

"నేనంటే?"

తలుపు ముందు అలాగే నిలబడ్డాను. "నేనే అత్తయ్యా."

"నువ్వా?" గిన్నె కింద పెట్టిన చప్పుడు. "నువ్వెందుకే తలుపు తట్టడం? చుట్టాలు తడతారు. తోసుకుని రా."

కొత్త రంగుకి తలుపు బిగుసుకుపోయి ఉంది. భుజం ఆనించి తోశాను.